ఒంటరి ధ్రువపత్రం నంబరు ఒకటి

ఇకమీదట దేశంలో ఎవరూ అనుమతి లేకుండా ఒంటరిగా ఉండడానికి వీల్లేదని వినోద శాఖ మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు మారుమోగాయి. కొట్టినవాళ్ళలో ఒక్కరక్క కూడా ఉంది. ఆ ప్రకటన తన ఉద్యోగానికే ఎసరు పెడుతుందని అప్పటికి ఆమెకి తెలియదు. తెలిసినా కొట్టే ఉండేది, ఎందుకంటే పార్కు మేనేజరు పక్కనే నిలబడి ఎవరు కొట్టడం లేదో చూస్తున్నాడు.

ఆ వినోద పార్కులో రోలర్ కోస్టర్ దగ్గర గేటు పని ఆమెది. బండికి ఇరవై నాలుగు సీట్లు, వరసకి రెండు. జనం ఇద్దరిద్దరుగా వస్తే బాధ లేదు. ముగ్గురొస్తేనే ఒక సీటు మిగిలిపోతుంది. అందుకని ఒంటరిగా వచ్చినవాళ్ళకి పక్కన ఇంకో లైను, సింగిల్ లైను అంటారు. సీటు మిగలగానే ఆమె “ఒక్కరు! ఒక్కరు!” అని కేకేస్తుంది, ఆ లైన్లోంచి ఒకరు వచ్చి సర్దుకుంటారు. తొమ్మిదేళ్ళుగా అదే కేక. దాంతో అసలు పేరు జీతాల రిజిస్టరులో మిగిలి, ఊరందరికీ ఆమె ఒక్కరక్క అయింది. ఖాళీ సీటుతో బండి కదిలితే ఆమెకి ఆ పూట అన్నం సయించదు.

మంత్రిగారు ఆ రోజు నలభైమంది అనుచరులతో విహారానికి వచ్చారు. పెద్ద లైన్లో నిలబడి, పక్క లైను చకచకా కదలడం చూశారు.

“వాళ్ళెవరయ్యా, నాకంటే ముందు పోతున్నారు?”

“ఒంటరివాళ్ళు సార్. ఎక్కడ సీటిస్తే అక్కడ సర్దుకుంటారు” అన్నాడు మేనేజరు.

“ఎక్కడిస్తే అక్కడా? మా పార్టీలో అలాంటివాడు ఒక్కడూ లేడే!”

అంతలో ఇద్దరు కుర్రాళ్ళు ఆ లైన్లోంచే విడివిడిగా ఎక్కి, దిగాక భుజాల మీద చేతులేసుకుని పోతూ ఆయన కంటబడ్డారు. ఒంటరివాళ్ళ నోటికాడ కూడు జంటలు లాక్కుంటున్నాయని మంత్రిగారికి అర్థమైపోయింది. కళ్ళు చెమర్చాయి. ఫోటోగ్రాఫరు దూరంగా ఉండిపోవడంతో, అతను పరిగెత్తుకొచ్చేదాకా అలా చెమరుస్తూనే ఉన్నాయి. అంతటి ఓర్పు అందరికీ రాదు. ఆ ప్రకటన అక్కడికక్కడే పుట్టింది.

వారం తిరక్కుండానే పథకం వచ్చింది. సింగిల్ లైన్లో నిలబడాలంటే ఒంటరి ధ్రువపత్రం ఉండాలి. దరఖాస్తుదారు ఒంటరివాడేనని, మూడేళ్ళుగా అతన్ని దగ్గరగా ఎరిగిన ఇద్దరు సాక్షులు వెంట వచ్చి సంతకం చెయ్యాలి. గేటు పక్కనే కౌంటరు కట్టారు. గేటు మీద మంత్రిగారి నిలువెత్తు బొమ్మ పెట్టి, కింద “మీరు ఒంటరి కాదు, మీ వెంట నేనున్నాను” అని రాయించారు.

ప్రారంభోత్సవానికి అన్నీ వచ్చాయి గాని మొదటి లబ్ధిదారు రాలేదు. మంత్రిగారి పీఏ నలువైపులా చూసి ఒక్కరక్క చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాడు.

“అయ్యా, నాకు మా ఆయనున్నాడండి. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు...”

“ఇప్పుడు పక్కనున్నారా?” అన్నారు మంత్రిగారు.

“లేరండి.”

“మరింకేం!”

మంత్రిగారు సంతకం పెట్టారు. సాక్షులుగా పీఏ, మేనేజరు పెట్టారు. ఫోటో బాగా వచ్చింది.

ఆ కాగితం చూసి ఇంట్లో భర్త లబోదిబోమన్నాడు. “నేను బతికుండగానే నిన్ను ఒంటరిదాన్ని చేశారేమిటే!”

“గవర్నమెంటు కాగితం ఊరికే రాయరురా. నువ్వు ఇంటికి ఏ వేళకొస్తున్నావో వాళ్ళకి తెలిసే ఉంటుంది” అంది అత్తగారు. “అమ్మాయ్, దానికి లామినేషన్ చేయించు.”

చేయించి, యూనిఫాం జేబులో పెట్టుకుంది.

మర్నాటి నుంచి కౌంటరు గుమాస్తా చట్టం అక్షరాలా అమలు చేశాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

“ముగ్గురొచ్చారు. మీరు ఒంటరి ఎలా అవుతారండీ?”

“వీళ్ళు సాక్షులు బాబూ!”

“పని మానుకుని మీకోసం ఇద్దరొచ్చారంటే మీకు మనుషులున్నట్టే. నెక్స్ట్!”

మర్నాడు మాస్టారు ఒక్కడే వచ్చాడు. సాక్షులేరని గుమాస్తా వెనక్కి పంపాడు. అలా నాలుగుసార్లు తిరిగాక, మాస్టారు ఆ సాక్షుల్లో ఒకావిడని పెళ్ళి చేసుకున్నాడు. దాన్ని కూడా పథకం విజయాల్లో రాసుకున్నారు.

పదిహేనో రోజున మంత్రిగారు పత్రికలవాళ్ళని పిలిచి లెక్క చెప్పారు. దరఖాస్తులు రెండువేలు, అర్హులు ఒక్కరు. కాబట్టి దేశంలో ఒంటరితనం దాదాపు నిర్మూలన అయినట్టే. మిగిలిన ఆ ఒక్కావిడకి కూడా ప్రభుత్వం అండగా ఉంటుంది.

సింగిల్ లైను బోసిపోయింది. ఒక్కరక్క “ఒక్కరు!” అని కేకేస్తే ఎవరూ కదలడం లేదు. బండ్లు ఖాళీ సీట్లతో గలగలా పోతున్నాయి. మేనేజరు ఆమెని గదిలోకి పిలిచాడు.

“ఈ నెల ఖాళీ సీట్లు వెయ్యికి చేరితే ఈ లైను మూసేస్తానమ్మా. లైనే లేకపోతే ఇక్కడ నీకేం పని?”

“అది మంత్రిగారు పెట్టిన రూలు కదండీ!”

“మంత్రిగార్ని తీసెయ్యడం నా చేతుల్లో లేదు. నువ్వున్నావు.”

ఆమెకి ఇల్లు గుర్తొచ్చింది. భర్త కుట్టుమిషను ఒక నెల నడిస్తే రెండు నెలలు పడుకుంటుంది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ గేటు జీతంతోనే. ఆ రోజు నుంచి ఆమె ముగ్గురొస్తే ఇంకో ముగ్గుర్ని వెతికి, బతిమాలి బామాలి, ముక్కూ మొహం తెలియనివాళ్ళని పక్కపక్కన కూర్చోబెట్టింది. గొంతు బొంగురుపోయింది.

ఈలోగా ప్రభుత్వం పడిపోయింది. బలపరీక్షలో ఒక్కరు తక్కువయ్యారు. గేటు మీద కొత్త మంత్రిగారి బొమ్మ వచ్చింది. కింద అక్షరాలు బాగానే ఉన్నాయని మార్చలేదు. రూలు కూడా మార్చలేదు.

నెలాఖరు సాయంత్రం. ఖాళీ సీట్లు తొమ్మిదివందల తొంభై తొమ్మిది. ఆఖరి బండి నిలబడి ఉంది. ఇరవై మూడు సీట్లు నిండాయి. మేనేజరు పెన్ను పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

“ఒక్కరు! ఒక్కరు!” అని అరిచింది ఒక్కరక్క.

“నేనున్నానమ్మా” అన్నారెవరో.

తిరిగి చూస్తే మాజీ మంత్రిగారు. వెనక నలభైమంది కాదు కదా, నలుగురు కూడా లేరు. చేతిలో తన టోపీ తనే పట్టుకున్నారు.

“రండి సార్, రండి!” అంటూ ఆమె గేటు తియ్యబోయింది.

“పత్రం?” అన్నాడు మేనేజరు.

మాజీ మంత్రిగారు నవ్వి, పీఏకి ఫోను చేశారు. “సాక్షి సంతకానికి ఒక్కసారి రావయ్యా.”

“సార్‌తో మీటింగులో ఉన్నానండి.”

“నీ సార్‌ని నేనే కదయ్యా!”

ఫోను కట్టయింది. ఆయన మేనేజరు వైపు తిరిగారు. “పోనీ, నువ్వు నన్నెరుగుదువు కదా?”

మేనేజరు తలెత్తి గేటు మీద బొమ్మ చూసి, దించి ఆయన్ని చూశాడు. “రోజూ వేలమంది వస్తారండీ. మొహాలు గుర్తుండవు.” పెన్ను కాగితం మీద ఆన్చాడు.

ఒక్కరక్కకి ఒళ్ళు మండింది. తర్వాత, ఉన్నట్టుండి, జేబు గుర్తొచ్చింది. లామినేషన్ చేసిన కాగితం తీసి మేనేజరు ముక్కు ముందు పెట్టింది. నంబరు ఒకటి. కింద సాక్షి సంతకం అతనిదే. మేనేజరు రెండుసార్లు చదివి, పెన్ను మూత పెట్టాడు.

గేటు తాళం, ఈల, ఆమె మాజీ మంత్రిగారి చేతిలో పెట్టింది. “కాసేపు పట్టుకోండి సార్.”

“నేనేం చెయ్యాలమ్మా?”

“ఏం చెయ్యక్కర్లేదండి. ఊరికే నించోండి.”

ఆయన వెళ్ళి కొత్త మంత్రిగారి బొమ్మ కింద సరిగ్గా నిలబడ్డారు. ఒక్కరక్క వెళ్ళి ఒక స్కూలు పిల్ల పక్కన కూర్చుని బెల్టు బిగించుకుంది. తొమ్మిదేళ్ళలో ఆ బండి ఎక్కడం అదే మొదలు. భయమేసింది, నవ్వూ వచ్చింది. బండిని కదిలించే లివరు దగ్గర ముసలాయన ఆమెని చూసి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసి, లివరు లాగాడు.

బండి టకటకమంటూ కొండెక్కినట్టు పైకి పోయి, శిఖరం మీద ఒక్క క్షణం ఆగింది. అక్కడినుంచి అంతా కనిపిస్తోంది. ఖాళీ లైను, కౌంటరు మూసేస్తున్న గుమాస్తా, గేటు దగ్గర తాళం పట్టుకుని ఆయన. బండి ముక్కు కిందికి వంగగానే ఇరవై నలుగురూ ఒక్కసారిగా కేకలు పెట్టారు.

కింద మాజీ మంత్రిగారు తలెత్తి, పాత అలవాటుగా, చిరునవ్వుతో, చెయ్యి ఊపారు.