సర్కారు చేపలు

గోదావరిలో తగ్గిపోయిన చేపలను మళ్లీ నింపి తీరుతామని ఉపమంత్రిగారు ఆదిలాబాద్ సభలో ప్రకటించారు. విని చేపలెంత పొంగిపోయాయో తెలియదు గానీ, మంథని దగ్గరి ఒక రేవులో మత్స్య సహకార సంఘం అధ్యక్షుడు రాయమల్లు మాత్రం ఆ రోజే ధోవతి చాకలికి వేశాడు. కోస్తా నుంచి చేపపిల్లలు వస్తాయి, మంత్రిగారు వాటిని నదిలో వదులుతారు, వెంటనే సంఘానికి నైలాన్ వలలు ఇస్తారు. ఊళ్లో ఉన్న పాత వలలు చిరిగి చిరిగి చేపలకు దారి చూపించడం తప్ప మరెందుకూ పనికిరావడం లేదు. కొత్తవి రాకపోతే బెస్తవాడ అంతా బొగ్గుబావుల దారి పట్టాల్సిందే.

ఇంత మహాకార్యం ఒక్క శాఖ వల్ల అయ్యేది కాదు. అందుకని సమన్వయ సంఘం వెలిసింది. చేపలు మత్స్యశాఖవి, కుండల్లో నీళ్లు నీటిపారుదల శాఖవి, లారీ రోడ్ల శాఖది, పందిరి పంచాయతీ సమితిది. రాయమల్లు కూడా మెంబరే.

పెద్దపల్లిలో రైలు దిగిన చేపపిల్లల కుండలను లారీ ఎక్కించారు. నీళ్లు చేత్తో కలుపుతూ ఉంటేనే పిల్లలు బతుకుతాయి కాబట్టి రాయమల్లు, మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ దేవదాస్ దారి పొడుగునా కలుపుతూనే వచ్చారు. పిల్లలు హుషారుగా రేవు చేరాయి.

అప్పుడే మైకు మోగింది. "సమన్వయ సంఘ సభ్యులు వేదిక మీదికి దయచేయవలెను!"

రాయమల్లు, దేవదాస్ చేతులు తుడుచుకున్నారు. "సారు, నీళ్లు మీయే గదా, జర కలుపుండ్రి," అన్నాడు రాయమల్లు నీటిపారుదల గుమాస్తాతో.

"నీళ్లు మాయే. లోపల మెదిలేటివి మీయి. మేం ముట్టొద్దు."

లారీ డ్రైవర్ మొండయ్య అడక్కముందే చెప్పేశాడు. "నాది స్టీరింగ్ దాకనే!"

వేదిక మీద ఒక్కో శాఖ లేచి మిగతా శాఖలను మనసారా పొగిడింది. రాయమల్లు మెడలో దండ పడింది. పెళ్లి తర్వాత అదే మొదటిది. అతనికి నిజంగానే కళ్లు చెమర్చాయి. మైకు ముందు 'సమన్వయం' అన్న మాటను తనివితీరా పలికాడు.

అంతలో భార్య యాదవ్వ వేదిక పక్కకొచ్చి కేకేసింది. "నీ దండ పాడుగాను! కుండలల్ల పిల్లలన్నీ ఎల్లెలుకల పడ్డయ్, సచ్చి పొట్టలు మీదికి తేలినయ్!"

దేవదాస్ మొహం తెల్లబోయింది. "నా నౌకరి పోతది రాయమల్లూ!"

"నా వలలు పోతయ్ సారు!" అంటూ రాయమల్లు దండతోనే దూకాడు.

దూరంగా జీపు హారన్ వినిపించింది. దేవదాస్ ఎదురెళ్లి, మంత్రిగారి ముందు బ్యాండు వాళ్లతో పాట మీద పాట వాయింపించాడు. ఈలోగా రేవు మలుపున, మోకాలి లోతు నీళ్లలో, యాదవ్వా నలుగురు ఆడవాళ్లూ పాత చీరలు పరిచి నదిలో దొరికిన చేపపిల్లనల్లా ఎత్తి, చచ్చినవి పారబోసిన కుండల్లో పోశారు.

మంత్రిగారు కుండ వంచారు. పిల్లలు చటుక్కున నీళ్లలోకి దూసుకుపోయాయి.

"చూశారా! ఎక్కడి కోస్తా, ఎక్కడి మంథని! కొత్త చోటన్న బెదురే లేదు. పుట్టింట్లో తిరిగినట్టు తిరుగుతున్నాయి!"

చప్పట్లు మారుమోగాయి. నైలాన్ వలలు చేతికొచ్చాయి. రాయమల్లు వాటిని గుండెకు హత్తుకుని, వాసన చూసి, పసివాడిలా నవ్వాడు.

చప్పట్లకు మంత్రిగారి మనసు ఇంకా కరిగింది. "ఈ క్షణం నుంచి ఈ రేవులో చేపలన్నీ సర్కారువి! వాటి మీద వల వేసినవాడికి జైలే!"

జీపు వెళ్లిపోయింది. రాయమల్లు వలలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మరి గీటిని ఏం జేసుకోవాలె సారు?"

"ఫికర్ జెయ్యకు," అన్నాడు దేవదాస్ చల్లగా. "మంత్రిగారు ఏటా వస్తరట. ముందురోజు పిల్లలు పట్టెతందుకు నీకు పర్మిషన్ నేనిప్పిస్త."

యాదవ్వ తడిచీర పిండుకుంటూ వల కండ్లలోకి వేలు దూర్చి చూసింది. "గీండ్ల పిల్లలు ఆగయ్ సారు. చీరలే గావాలె."

దేవదాస్ జేబులోంచి సమన్వయ సంఘం జాబితా తీశాడు.

"గట్లయితే వచ్చే ఏడు సమన్వయంల చేనేత శాఖను గూడ కలుపుకుందాం."