చిక్కగా ఉందన్న మాట

నాగావొక ఊళ్ళో షిగెజోగారి పాతకారు నల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. ఈసారి సర్కారు బండి తనిఖీలో తప్పితే నేరుగా తుక్కు కొట్టుకేనని ఆయన భార్య తొమియె ముందే తీర్పు చెప్పేసింది. పెళ్లికి ముందు కొన్న కారాయె, షిగెజో ప్రాణం గిలగిల్లాడింది. ఆవిడకు తెలియకుండా బాగుచేసేద్దామని పథకం వేశాడు.

ప్లగ్గు విప్పి చూస్తే బొగ్గు! గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ. స్నానాలగదిలో దూరి, స్నేహితుడు ఇవాసెకి ఫోన్ చేశాడు.

"మరీ చిక్కగా ఉందోయ్! వాసనకి కళ్ళు మండుతున్నాయి. ఎలాగైనా పలచన చెయ్యాలి."

ఆ మాటలు తలుపవతల తొమియె చెవిన పడ్డాయి. ఆ ఇంట్లో చిక్కగా ఉండేది మిసో, అంటే పులియబెట్టిన సోయా ముద్ద, కలిపి కాచే చారు ఒక్కటే.

మర్నాడు పొద్దున షిగెజో ముందు గిన్నెలో వేడినీళ్ళు పెట్టింది.

"ఇదేంటే?"

"చారండీ. పలచన చేశాను."

"మిసో ఏదీ?"

"మీ కళ్ళు మండుతాయని దూరం నుంచి చూపించి తీసేశాను. మా అమ్మ నేర్పిన చారండీ అది! ఊళ్ళోవాళ్ళ దగ్గర నన్ను పలచన చేస్తారా?"

"చారు గురించి కాదే బాబూ!"

"మరి దేని గురించో?"

కారు గురించంటే తుక్కే. షిగెజో నోరు మూసుకుని వేడినీళ్ళు తాగాడు.

పనిలోకి పట్టుకెళ్ళే చారు ఫ్లాస్కు కూడా ఆగిపోయింది. విచిత్రం, ఆ రోజే పొగా ఆగిపోయింది! అంతకుముందే ఇవాసె చెప్పిన స్క్రూ ఒకటి ఇటు తిప్పి, భయమేసి మళ్ళీ అటు తిప్పేశాడు షిగెజో. అదంతా తన పనితనమేనని పొంగిపోయాడు. ఆ సంబరంలో గుట్టు విప్పేశాడు.

"చిక్కగా ఉందన్నది పెట్రోలే! నీ చారు అమృతం!"

తొమియె కరిగిపోయింది. తనిఖీ రోజున పెద్ద ఫ్లాస్కు నిండా చారు పోసి, తానూ కారెక్కింది. షిగెజో అలవాటుగా ఫ్లాస్కు సంచిని స్టీరింగు పక్కనున్న పిడికి తగిలించాడు.

వంతెన దాటకముందే వెనక నల్లమబ్బు లేచింది.

"అయిపోయిందే! నా కారు తుక్కే!" అన్నాడు షిగెజో.

"ఉండండి. సంచి బరువుకి ఆ పిడి బయటికొచ్చేసింది. ఏమిటది?"

"చోక్. చలిలో స్టార్టవడానికి అది లాగితే పెట్రోలు చిక్కబడి..." షిగెజో చూపు పిడి మీంచి సంచి మీదికి మళ్ళింది.

తొమియె సంచి ఒళ్ళో పెట్టుకుని పిడి లోపలికి నొక్కింది. కాసేపటికి పొగ విడిపోయింది.

"నా చారు అంత చిక్కనిదా, మీ బుర్ర అంత పలచనిదా?"

తనిఖీ మాత్రం గట్టెక్కింది. హమ్మయ్య, కారు బతికింది!

"పొగ బాగా అదుపులో ఉంది. ఎవరు సరిచేశారు?" అనడిగాడు తనిఖీ ఆయన.

షిగెజో ఛాతీ విరుచుకుని నోరు తెరిచేలోగా తొమియె చారు గ్లాసు మొగుడి చేతికిచ్చింది.

"తాగండి, చల్లారిపోతుంది."

తాగాడు. నిజంగానే కాస్త చిక్కగా ఉంది. ఆ మాట మాత్రం మళ్ళీ స్నానాలగదిలో కూడా అనలేదు.