మాట్లాడని తండ్రి కావలెను

నవలలు చదవడం ఆరోగ్యానికి మంచిది కాదు. కళ్లు లాగుతాయి, నడుం పట్టేస్తుంది, మధ్యలో ఆలోచన కూడా వచ్చే ప్రమాదం ఉంది. ఈ బాధలన్నిటి నుంచీ పాఠకలోకాన్ని ఒక్క దెబ్బతో గట్టెక్కించిన ఏర్పాటు ఒకటుంది. దాని పేరు ‘నా నవల ఎలా పుట్టింది’ సభ. దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకి ప్రతి కూడలిలోనూ ఒక కుర్చీ వేయించాలి. విగ్రహం అక్కర్లేదు. కుర్చీ, మైకు, నీళ్ల సీసా చాలు.

మీరే ఆలోచించండి. నాలుగు వందల పేజీలు చదివితే దక్కేదేమిటి? ఆ పుస్తకంలో ఏముందో తెలుస్తుంది, అంతే. అదే సభకి వెళితే రచయిత నిలబడి రాస్తాడా, కూర్చుని రాస్తాడా, రాసేటప్పుడు ఫోను ఏ గదిలో పడేస్తాడు, ఏ రంగు సిరా లేకపోతే ఆయనకి వాక్యం దిగదు, ఇవన్నీ తెలుస్తాయి. ఇవి ఏ నవల్లో దొరుకుతాయి చెప్పండి!

గోడకి ఎదురుగా కూర్చుంటే తప్ప తనకి మాట రాదని ఒక రచయిత్రి చెప్పింది. మర్నాడు ఎన్ని ఇళ్లలో బల్లలు గోడ వైపు తిరిగాయో! మాటలు వచ్చాయా అని అడక్కండి. బల్లలు తిరిగాయి. ఇంకొకాయన తన పాత్రలు తన మాట బొత్తిగా వినవని, వాటి వెనకే తను నడుస్తానని సెలవిచ్చాడు. పిల్లలు మాట వినక ఏడుస్తున్న తల్లిదండ్రులు ఆ సభ నుంచి ఎంత తేలికపడి ఇంటికెళ్లారో!

ఇన్ని మేళ్లు వల్లిస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఒక్క నవలాకారుడి సంగతి చెబుతాను, చాలు.

ఇతను బీమా ఆఫీసులో క్లెయిముల సెక్షన్‌లో పని చేస్తాడు. ప్రమాదం జరిగిందని జనం చెప్పుకునే కథల్లో అతుకు ఎక్కడుందో పట్టుకోవడం ఉద్యోగం. కారు తనంతట తనే వెళ్లి గోడని గుద్దిందన్నవాడి ముఖంలోకి చిన్న నవ్వుతో చూస్తాడు. ఆ నవ్వుకి సగం మంది అక్కడికక్కడే నిజం చెప్పేస్తారు.

ఇలాంటి మనిషికి నవల ఎలా పట్టుకుంది? చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చే లాండ్రీలో పట్టుకుంది. అక్కడ వెనక కడ్డీకి ఒక తెల్ల చొక్కా వేలాడుతుండేది. ఎవరూ తీసుకెళ్లరు. లాండ్రీ నడిపే ఆవిడ అప్పుడప్పుడూ దాన్ని దించి, మళ్లీ ఇస్త్రీ చేసి, మళ్లీ తగిలించేది. ఎందుకండీ అని అడిగితే, “ముడతలు పడింది కదా” అంది. అంతే. ఇతను ఆ చొక్కా పట్టుకుని ఒక నవల రాసేశాడు. మధ్యాహ్నం భోజనం బల్ల మీద, చేతికి చిక్కిన కాగితాల మీద, తనలో తను నవ్వుకుంటూ రాశాడు. రాస్తున్నంత కాలం సంతోషంగా ఉన్నాడు. అసలు నేరం ఇదే.

మొదటి సభలో సంధానకర్త, అంటే రచయిత పక్క కుర్చీలో కూర్చుని గడ్డం నిమురుకునే పెద్దమనిషి, ప్రేరణ గురించి అడిగాడు. ఇతను అమాయకంగా చొక్కా సంగతి చెప్పాడు.

“ఇంకొంచెం లోపలికి వెళితే?” అన్నాడు సంధానకర్త.

“లోపల కూడా బట్టలేనండీ.”

జనం నవ్వారు. నవ్విన జనం పుస్తకం కొనరు. వెనక బల్ల మీద కట్టలు కట్టలుగానే ఉండిపోయాయి. ప్రచురణకర్త ఇతన్ని పక్కకి పిలిచి, డాక్టరు అడిగినట్టు మెల్లగా, గాయం ఏదైనా ఉందా సార్ అని అడిగాడు. మోకాలి మీద ఉందని, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డానని ఇతను చెప్పాడు. ప్రచురణకర్త నిట్టూర్చాడు.

“అలాంటిది కాదు సార్. మీ నాన్నగారు ఎలాంటివారు?”

ఇక్కడ ఆ నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్లో సగం మందిని రైలెక్కించింది, మిగతా సగాన్ని రైలు తప్పించింది ఆ గొంతే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఉద్యోగం దిగినా మైకు దిగలేదు. కొడుకూ కోడలూ ఉన్న ఇంట్లో పొద్దున్నే మొదలు: “గమనించగలరు. స్నానాల గది ఖాళీ అయినది. కోడలుగారు దయచేసి ముందుకు రాగలరు.” కొడుకు బడికి వెళ్లే రోజుల్లో ఆలస్యంగా ఇల్లు చేరితే గుమ్మంలోనే ప్రకటన వినపడేది: “చిన్నవాడు అరగంట ఆలస్యముగా నడుచుచున్నాడు. అసౌకర్యమునకు అమ్మగారు మన్నించవలెను.” కుర్రవాడు తిట్లు తినకుండా నవ్వుతూ లోపలికి వచ్చేసేవాడు.

చూశారా! ఇలాంటి తండ్రితో ఏ నవలాకారుడు పైకొస్తాడు?

రెండో సభలో మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఇతను నోరు తెరిచాడు. “మా నాన్న నాతో మాట్లాడేవారు కాదు” అని వినపడింది. ఎవరన్నారా అని ఒక్క క్షణం తనే వెతుక్కున్నాడు. హాల్లో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. ఆ తలలు అలా ఎత్తే ఉండాలంటే ఇంకో మాట అనాలి. అన్నాడు. భోజనాల బల్ల దగ్గర గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదన్నాడు. ఆ మౌనంలోంచే తను మాటలు వెతుక్కున్నానన్నాడు. ముందు వరసలో ఒకావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఆ రోజు కట్టలు విప్పారు.

ఇక చెప్పేదేముంది? కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ప్రతి సభలోనూ మౌనానికి చిలవలు పలవలు పుట్టాయి. గడియారానికి తోడు కిటికీ వచ్చింది. కిటికీ పక్కన వెనుదిరిగి నిలబడ్డ తండ్రి వచ్చాడు. ఆ వీపు వచ్చాక ఇతనే జేబురుమాలు వెతుక్కున్నాడు.

పెద్దాయన ఈ సభల వీడియోలన్నీ ఫోన్లో పూర్తి సౌండు పెట్టుకుని చూసేవాడు. మొదటిది చూసి, “ఎవరి నాన్నరా?” అని అడిగాడు. తనే అని తెలిశాక పడీ పడీ నవ్వాడు. పుస్తకం అమ్ముడుపోతోందా, పోతే సరే, ఆ మాత్రం సాయం చేయలేనా అన్నాడు. తర్వాత మందుల షాపాయన ఇప్పటికైనా అబ్బాయితో నాలుగు మాటలు మాట్లాడండని బీపీ మాత్రలతో పాటు సలహా ఇచ్చాడు. మంగలి కత్తెర ఆపి మరీ బోధ చేశాడు. పెద్దాయన వాళ్లతో వాదించలేదు. బోలెడు మాటలున్నవాడు ఒక్కటీ వాడలేదు.

ఆయనకి వేరే బెంగ ఉంది. ఆయన ఆ నవల చదివాడు. మీరు పొరపాటుగా వినలేదు, చదివాడు! మొదటి నుంచి చివరిదాకా, ఆగి ఆగి. ఒక అనుమానం వచ్చింది.

“ఆ చొక్కా ఎవరిదిరా?”

“అది పాఠకుడికి వదిలేశాను నాన్నా.”

“నేనూ పాఠకుణ్ణే కదరా. నాకు వదిలేస్తే నేనేం చేసుకోను?”

తీరిగ్గా చెబుతానని కొడుకు బట్టలు సర్దుకున్నాడు. ఇంకో ఊళ్లో సభ.

కొడుకు తిరిగొచ్చిన సాయంత్రం, పెద్దాయన వంటింటి గుమ్మంలో నిలబడి, టీ మరికొద్ది నిమిషాల్లో హాల్లోకి చేరునని మామూలుగానే ప్రకటించాడు. నవలాకారుడు చేతిలో పేపరు విసిరికొట్టాడు.

“ఇప్పుడెన్ని మాట్లాడితే ఏం లాభం నాన్నా? మాట్లాడాల్సినప్పుడు మాట్లాడలేదు.”

టీ గ్లాసులు పట్టుకున్న భార్య అక్కడే ఆగిపోయింది. “ఏమండీ, అది మీరు సభలో చెప్పేది” అంది నెమ్మదిగా.

నిజమే. కానీ ఇతనికి ఆ క్షణాన కిటికీ కనపడుతోంది. ఆ వీపు కనపడుతోంది. గడియారం చప్పుడు వినపడుతోంది. మనసు అనే క్లెయిముల ఆఫీసులో ఇన్నిసార్లు సంతకం పడ్డ కాగితాన్ని ఎవరూ తిప్పి చూడరు. ఊరందరి అబద్ధాల్లోనూ అతుకు పట్టుకునే మనిషికి తన కుట్టు తనకే కనపడలేదు.

పెద్దాయన కుర్చీలో కూర్చుని చాలా దూరం వెనక్కి వెళ్లినట్టున్నాడు.

“డ్యూటీలు ఎక్కువుండేవిరా. ఇంటికొచ్చేసరికి గొంతు పోయేది” అన్నాడు చివరికి. “ఏమో. మాట్లాడలేదేమో.”

గమనించండి పాఠకులారా, ప్రేరణ ఎంత శక్తిమంతమైనదో! రాసినవాడి గతాన్ని మార్చింది సరే. పక్కవాడి గతాన్ని కూడా మార్చేసింది. ఏ నవలకుందండీ ఈ బలం?

తర్వాత పెద్ద సభ. నిర్వాహకులు నవలాకారుడికి చెప్పకుండా తండ్రిని పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని వచ్చాడు. చివరి పేజీల దగ్గర బస్సు టికెట్ గుర్తు పెట్టి ఉంది. ఇంట్లో దొరకని కొడుకు సభలోనైనా జవాబు చెబుతాడని ఆశ. ప్రశ్నల సమయం రాగానే అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ప్రశ్నలు ప్రేరణ గురించి మాత్రమే ఉండాలని, కథ గురించి అడిగి చదవనివాళ్ల ఉత్సాహం చెడగొట్టవద్దని సంధానకర్త విన్నవించాడు. చెయ్యి దిగింది.

అప్పుడు పెద్దాయన ఎవరో ప్రకటించి, మైకు ఆయన చేతిలో పెట్టారు.

“అయ్యా, ఇన్నేళ్ల తర్వాత మీ అబ్బాయికి ఒక్క మాట చెబుతారా?”

పెద్దాయన లేచాడు. అలవాటుగా మైకు మీద రెండుసార్లు వేలితో తట్టాడు. పెదవులకి సరిగ్గా బెత్తెడు దూరంలో పట్టుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. వేదిక మీద నవలాకారుడు కుర్చీ అంచుకి జరిగాడు. ఆ ఊపిరి అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని తర్వాత మాట రాకుండా ఎప్పుడూ లేదు. ఒక్క వాక్యం చాలు. ఆ గొంతు విన్నవాడెవడూ ఆ మనిషి ఇంట్లో మూగగా ఉన్నాడంటే నమ్మడు.

తండ్రి కొడుకు వైపు చూశాడు. కొడుకు నీళ్ల సీసా వైపు చూశాడు.

పెద్దాయన పీల్చిన ఊపిరి వదిలేశాడు. బొటనవేలితో మైకు ఆపేశాడు, ఆఖరి రైలు వెళ్లిపోయాక ఆపినట్టు. దాన్ని పద్ధతిగా తిరిగి ఇచ్చి కూర్చున్నాడు.

హాలు లేచి నిలబడింది. అదే ఆ మౌనం, మన కళ్ల ముందే, అని సంధానకర్త గద్గదంగా అన్నాడు. వెనక బల్ల మీద ఒక్క ప్రతి మిగల్లేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రకటనలు లేవు. పెద్దాయనకి కోపమేమీ లేదు. వేళకి తింటాడు, పేపరు చదువుతాడు, అడిగినదానికి తల ఊపుతాడు. స్నానాల గది ఖాళీ అయిందో లేదో కోడలు తలుపు తట్టి తెలుసుకుంటోంది. భోజనాల బల్ల దగ్గర ఏదో చప్పుడు వస్తోందేమిటా అని ఒకరోజు నవలాకారుడు తలెత్తి చూశాడు. గోడ గడియారం.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చాడు. గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. ఎంత ఆలస్యమైందో ఎవరూ చెప్పలేదు. చెప్పులు విప్పి, తండ్రి కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“నాన్నా, ఆ చొక్కా ఎవరిదో అడిగావు కదా.”

పెద్దాయన కొడుకు భుజం మీద ఒకసారి తట్టాడు, మైకుని తట్టినట్టు.

“ఇప్పుడెందుకులేరా. నీకు మళ్లీ మీటింగుకి టైమవుతుంది.”

ప్రచురణకర్త మాత్రం పొంగిపోతున్నాడు. రెండో నవలకి ప్రేరణ ఈసారి కల్పించుకునే శ్రమ లేకుండా ఇంట్లోనే సిద్ధంగా ఉందట. సభలకి తేదీలు కూడా ఖాయం చేశాడు. నవల రాయడం ఒక్కటే మిగిలింది. అదేమంత పని!

మీరూ తప్పకుండా వెళ్లండి. ఏ కలంతో రాస్తారని అడగండి. పొద్దున్న రాస్తారా, మధ్యాహ్నమా అని అడగండి. ప్రేరణ ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగండి. ఆ చొక్కా ఎవరిదని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న ఇంతవరకూ ఒకే ఒక్కరు అడిగారు. ఆయన ఇప్పుడు మాట్లాడటం లేదు.