తోడల్లుళ్ల గాగుల్స్

ఆ శనివారం ఉదయం రాంప్రసాద్ వేసుకున్న పథకం నిరపాయమైనదే. బందరులో బస్సెక్కి గుడివాడ వెళ్లాలి, తోడల్లుడి ఇంట్లో కాఫీ తాగాలి, తన దగ్గర లేనిదేదీ అతని దగ్గర లేదని రూఢి చేసుకుని మధ్యాహ్న భోజనానికి ఇల్లు చేరాలి. బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించినప్పటి నుంచి ఆయన పాత యుద్ధవిమానాల పైలట్లు ధరించిన తోలు హెల్మెట్లు, గాగుల్స్ సేకరిస్తున్నారు. ఆయన సేకరిస్తున్నారు గనుక తోడల్లుడు పిచ్చేశ్వరరావు కూడా సేకరిస్తున్నారు. ఇద్దరిలో ఎవరూ విమానం నడిపి ఎరుగరు. రాంప్రసాద్ అయితే స్కూటర్ మీద కూడా భార్య వెనకనే కూర్చుంటారు.

ఈసారి వారి పోటీకి ఒక బహుమతి కూడా ఏర్పడింది. బందరులోని ఒక కళాశాలలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. విమానదళ వస్తువులకు కేటాయించిన అద్దాల బీరువా ఒక్కటే. అందులో ఎవరి సొత్తు, ఎవరి పేరు ఉండాలో విశ్రాంత వింగ్ కమాండర్ ఒకరు వచ్చి నిర్ణయిస్తారు. ఇద్దరూ కలిసి ప్రదర్శించవచ్చు కదా అని ప్రిన్సిపాల్ సూచించారు. ఆ సలహాను వారు ముక్తకంఠంతో తిరస్కరించారు. వారి మధ్య ఐకమత్యం కనిపించిన సందర్భం అదొక్కటే.

గుడివాడ ఇంట్లో ముందురోజే ఘోరం జరిగిపోయింది. పిచ్చేశ్వరరావు ప్రాణప్రదంగా చూసుకునే గాగుల్స్ చట్రం ఇత్తడిది. దానికి పట్టిన చిలుమే దాని వయసుకు సాక్ష్యం, విలువకు ఆధారం. ఆయన భార్య కనకదుర్గ గాజులకు పూత వేయించడానికి చిలకలపూడి వెళ్తూ ఆ గాగుల్స్‌ను కూడా సంచిలో వేసుకువెళ్లారు. "నలుగురిలో పెట్టే వస్తువు చిలుం పట్టి ఉంటే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో ఆడది ఏం చేస్తోందంటారు" అని ఆమె వాదన. గాజులూ గాగుల్సూ ఒకే వన్నెతో తిరిగొచ్చాయి. పిచ్చేశ్వరరావు వాటిని తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

రాంప్రసాద్ గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన తత్తరపడి లేచారు. తువ్వాలు జారింది.

"ఏమిటవి తమ్ముడూ? బంగారమా?"

ఆ గొంతులో అసూయ వినిపించాక నిజం చెప్పగలిగేంత సంస్కారం పిచ్చేశ్వరరావుకు లేదు.

"మామూలు పైలట్లకి ఇత్తడి ఇచ్చేవాళ్లు అన్నయ్యగారూ. ఇవి పెద్ద ఆఫీసర్లవి. కవాతు రోజున మాత్రమే పెట్టుకునేవాళ్లు. మీ కంటపడి ఉండవులెండి."

"నేనెక్కడా వినలేదే!"

"బందరు దాకా రాలేదేమోనండీ ఆ సంగతి. ఉప్మా తినండి, చల్లారిపోతోంది."

"అది కాదు బావగారూ, వాటిని నేనే..." అని కనకదుర్గ ఏదో చెప్పబోయారు. భర్త చూసిన చూపుకు మిగిలిన మాట మింగేసి, చట్నీ తేవడానికి లోపలికి వెళ్లారు.

రాంప్రసాద్ ఉప్మా ముట్టలేదు. ఆఫీసర్ల గాగుల్స్ దొరకనప్పుడు తయారుచేయించుకోవాలని పెడన దాటేసరికి నిశ్చయించుకున్నారు. ఇంటికి రాగానే తన గాగుల్స్ అన్నీ, హెల్మెట్‌తో సహా మూటగట్టారు. భార్య ప్రసన్నలక్ష్మి గుమ్మానికి అడ్డం నిలబడ్డారు.

"నా గొలుసు వెలిసిపోయింది, పూత వేయించండని ఉగాది నుంచి మొత్తుకుంటున్నాను. తీరిక లేదన్నారు. ఎవడో చచ్చిపోయిన దొర కళ్లజోడుకి తీరిక దొరికిందా?"

ప్రశ్న న్యాయమైనది. సమాధానం చెప్పవలసిన మనిషి మాత్రం మూటతో పెరటి గుమ్మం గుండా వెళ్లిపోయారు.

చిలకలపూడిలో కవరింగ్ పని చేసే కృపావరం మూట విప్పి చూసి నవ్వాడు. "ఇలాంటి జతేనండీ, నిన్న గుడివాడ అమ్మగారొకరు..."

"అమ్మగార్ల సంగతి నాకెందుకయ్యా? పని చూడు. నా పేరు బయటికి రాకూడదు."

"రాదండీ. కానీ చట్రం ఒక్కటే మెరిస్తే హెల్మెట్ చిన్నబోతుంది. చెవుల దగ్గరుండే ఈ రేకు డబ్బాలకీ బకిల్సుకీ కూడా వేసేద్దామా?"

వేసేశాడు. మాట ప్రకారం పేరు ఎవరికీ చెప్పలేదు. తన పని బాగా కుదిరినందుకు ఫొటో మాత్రం వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. కనకదుర్గ దాన్ని చూసి భర్తకు చూపించారు. చెవి దగ్గరి డబ్బా మీది సొట్టను బట్టి హెల్మెట్ ఎవరిదో పిచ్చేశ్వరరావు పోల్చుకున్నారు. తన హెల్మెట్ బోసిగా ఉందని ఆయనకు మొదటిసారి తోచింది. వెంటనే కృపావరానికి ఫోన్ చేశారు.

"అద్దాల చుట్టూ ఎర్రరాళ్లు పొదగగలవా?"

"ఎందుకు పొదగనండీ! ముక్కు దగ్గర చిన్న లోలాకు కూడా..."

"లోలాకు వద్దు." ఫోన్ పెట్టేయబోయి మళ్లీ చెవికి ఆనించారు. "ఆ బందరాయన పెట్టించుకున్నాడా?"

"ఇంకా లేదండీ."

"అయితే పెట్టు."

నిర్ణయం రోజున వింగ్ కమాండర్ గాగుల్స్ తగిలించిన రెండు హెల్మెట్లనూ చేతిలోకి తీసుకుని చూశారు. చట్రాల మీద ముద్రించిన అంకెల కోసం వెతికారు. అవి పూత కింద సమాధి అయ్యాయి. ఆయన లోలాకును వేలితో కదిపి, గంభీరంగా అడిగారు.

"పెళ్లెవరిదండీ?"

అప్పుడు నిజం బయటపడింది. "మొదటిది మా ఆవిడ వేయించిందండీ" అన్నారు పిచ్చేశ్వరరావు.

"ఆఫీసర్లవన్నావు కదరా!" అన్నారు రాంప్రసాద్.

"మీరంతలా కుళ్లుకుంటుంటే నిజం చెప్పబుద్ధి కాలేదు అన్నయ్యగారూ."

చరిత్ర పేరిట వీటిని ప్రదర్శించడానికి వీల్లేదని వింగ్ కమాండర్ తేల్చేసి వెళ్లిపోయారు. ఖాళీ బీరువాతో ప్రదర్శన ప్రారంభించడం ప్రిన్సిపాల్‌కు ఇష్టం లేదు. పైగా అప్పటికే అధ్యాపకురాళ్లు హెల్మెట్ల చుట్టూ మూగి, ఈ పనితనం ఎవరిదని అడుగుతున్నారు. అందుచేత రెండు హెల్మెట్లూ బీరువాలోకి వెళ్లాయి. పైన చిలకలపూడి కవరింగ్ కళ అని బోర్డు పెట్టారు, దాని కింద కృపావరం పేరు, ఫోన్ నంబరు రాయించారు. తోడల్లుళ్ల పేర్లు ఎక్కడా లేవు.

పేరు పోయినందుకు రాంప్రసాద్ ఎవరినీ ఏమీ అనలేదు. పిచ్చేశ్వరరావు హెల్మెట్‌ను పై అరలో పెట్టడం గురించి మాత్రం ప్రిన్సిపాల్‌ను లిఖితపూర్వకంగా సంజాయిషీ అడిగారు.