మైత్రి స్టేడియం సందర్శన విధానం

ఫుట్‌బాల్ స్టేడియంలో గోలు కొట్టడం కన్నా ఆ స్టేడియంలో అడుగు పెట్టడం కష్టంగా ఉండాలన్నది పంజాగుట్ట మైత్రి క్లబ్ మూల సిద్ధాంతం. క్లబ్ ఈ సిద్ధాంతాన్ని ఏనాడూ తప్పలేదు. (మ్యాచ్‌లు తప్పింది. అది వేరే సంగతి.)

క్లబ్ సొంత మైదానం అమీర్‌పేటలో, హాస్టళ్ల వెనక ఉంది. మొగిలయ్య అందులో పదకొండేళ్లు గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. ఇప్పుడు, రెండు వేల సంవత్సరంలో, ఆయనకు అరవై. మైదానంతో మిగిలిన పని ఒక్కటే. భార్య మంగవ్వ పోయి ఏడాది కావస్తోంది. ఏడాది మాసికం నాటికి గోడకు ఫోటో పెట్టాలి. మంగవ్వకు ఫోటో లేదు. పెళ్లికి ఫోటో తీసేవాడు రాలేదు. ఓటరు కార్డు మీద పేరు ఆమెదే, మొహం ఇంకెవరిదో. జన్మలో ఒక్కసారే ఆమె కెమెరా ముందు నిలబడింది. డెబ్బై ఆరులో జట్టు కప్పు గెలిచిన రోజు, ఆటగాళ్ల పక్కన, ఎడమ చివర, నీళ్ల బకెట్ పట్టుకుని. ఆ ఫోటో స్టేడియం ఆఫీసు హాల్లో ఉంది.

పోయి చూసి వద్దామనుకున్నాడు. పొరపాటు అక్కడే జరిగింది. స్టేడియాన్ని చూసి రావడం కుదరదు. సందర్శించాలి.

సందర్శన విధానం క్లబ్ వెబ్‌సైట్‌లో ఉంది. గంటసేపు ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుంటే ఆ పేజీ పై సగం తెరుచుకుంది. సందర్శన వేళ మంగళవారం రెండు నుంచి రెండున్నర. సొంత జట్టు అభిమానులు పడమటి గేటు నుంచి, అతిథి జట్టు అభిమానులు తూర్పు గేటు నుంచి రావాలి. (పడమటి గేటును తొంభై ఏడులో గోడ కట్టి మూసేశారు. పదకొండేళ్లు ఆడినవాడు ఆ విధంగా అతిథి అయ్యాడు.) దరఖాస్తుదారుకు ఫుట్‌బాల్ అంటే ఇష్టమని గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి. ఖైరతాబాద్‌లో ఒక అధికారి ఆయన్ను ఎగాదిగా చూసి, బంతి తన్ని చూపించమన్నాడు. బంతి లేనందున పేపర్‌వెయిట్‌తో సరిపెట్టారు.

మంగళవారం రెండింటికి తూర్పు గేటు దగ్గర వాచ్‌మన్ సాయిలు కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు.

"అన్నా, కాగితాలు మస్తుగున్నయి. గాని గ్రౌండ్ లీజుకిచ్చిండ్రు. లోపట కంప్యూటర్ క్లాసులు నడుస్తున్నయి. విజిటర్లకు బంద్."

"మరి వెబ్‌సైట్ల రమ్మని రాసిండ్రు గద?"

"వెబ్‌సైట్ల రావొచ్చు. గేట్ల రావొద్దు."

"గీడ పదకొండేండ్లు ఆడిన, సాయిలూ."

"ఎరుకే అన్నా. నువ్వు ఇడిసిపెట్టిన గోల్స్ సుత యాదికున్నయి." సాయిలు గొంతు తగ్గించాడు. "జావా నేర్చుకుంటనని చెప్పు. డెమో క్లాసు మూడు దినాలు ఫ్రీ. నిన్ను ఆపేటోడే ఉండడు."

మొగిలయ్య జావా నేర్చుకుంటానన్నాడు. గేటు తెరుచుకుంది.

ఒకప్పుడు తాను కాపలా కాసిన గోలు ముందే, షామియానా కింద, నాలుగు వందల మంది మధ్య ఆయనకు కుర్చీ దొరికింది. గోల్‌పోస్టుకు ఇన్‌స్టిట్యూట్ బ్యానర్ కట్టారు. పక్కనున్న అమ్మాయి గౌరవంగా అడిగింది.

"అంకుల్, మీరు మెయిన్‌ఫ్రేమ్స్ నుంచి వస్తున్నారా?"

"కాదు బిడ్డా. గోల్‌పోస్టు కాడికెంచి."

"అది కొత్తగా వచ్చిందా అంకుల్?" అని ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది.

విరామంలో ఆయన లేచి ఆఫీసు హాల్లోకి నడిచాడు. అక్కడ సందర్శకుల సమన్వయాధికారి రఘురామ్ ఉన్నాడు. (సందర్శకులు ఎవరూ రానందున ఆయన సర్వీసులో మచ్చ లేదు.) డెబ్బై ఆరు ఫోటో గోడ మీద తళతళ మెరుస్తోంది. పదకొండు మంది ఉన్నారు. నడుమ కప్పుతో మొగిలయ్య ఉన్నాడు. ఎడమ చివర ఎవరూ లేరు.

"మా ఇంటామె యాడ?"

"ఎవరండీ?"

"గీడ నిలబడ్డది. బకెట్ పట్టుకొని."

"ఓ, అదాండీ. మొన్న పాత ఫోటోలన్నీ స్కాన్ చేయించి శుభ్రం చేశామండీ. జెర్సీ లేనివాళ్లు జట్టు ఫోటోలో ఉండకూడదని కమిటీ తీర్మానం. పాతవి పారేశాం. బీరువా చాల్లేదండీ."

మొగిలయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. శుభ్రం చేసినవాడు పనిలో కొంత అశ్రద్ధ చూపాడు. చివరి ఆటగాడి మోకాలి పక్కన బకెట్ పిడి, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి, ఆ చేతికి రెండు గాజులు మిగిలిపోయాయి.

"గీ చెయ్యి సాలు. ఒక కాపీ ఇయ్యుండ్రి."

"తప్పకుండా ఇస్తామండీ. దరఖాస్తు పెట్టండి."

ఫోటోల విషయంలో క్లబ్ దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఫారం. అందులో పేరు, చిరునామా, 'ఫోటోలో మీరు గమనించిన లోపం' అని మూడు గడులున్నాయి. కాపీ కోరేవారికి గడి లేదు.

"ఉన్నదాంట్లోనే రాసేయండి. ఏముందండీ, చదివేవాళ్లు అర్థం చేసుకుంటారు" అన్నాడు రఘురామ్.

మొగిలయ్య మూడో గడిలో కుదురుగా రాశాడు: 'ఎడమ చివర నా భార్య చెయ్యి ఉన్నది.'

మరునాడే మనిషితో ఇంటికి జవాబు పంపారు. క్లబ్ ఇంత వేగంగా కదలడం అదే మొదలు. 'మీరు తెలిపిన లోపం సరిచేయబడినది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. రుజువుగా ఫోటో కాపీ ఒకటి జతపరచడమైనది.'

కాపీ ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు. మొగిలయ్య పెట్టాడు. ముట్టింది కదా మరి.