మా బావకి పట్టిన బ్యాన్ యోగం

మీ మెసేజింగ్ అకౌంటు ఇంకా బ్యాన్ కాలేదా? అయ్యో పాపం! ఏ జన్మలో ఏం చేసుకున్నారో గాని, ఈ కాలపు మనిషికి దక్కగల అతి పెద్ద అదృష్టం మీకింకా దక్కలేదన్నమాట.

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. సాక్ష్యం కావాలా? మా బావ ఉన్నాడు.

బావంటే మా అక్క భర్త. స్కూలు వ్యాను నడుపుతాడు. బండి తీసే ముందు ప్రతి తల్లికీ ఒక మెసేజ్ పెడతాడు: "బయల్దేరాను. పిల్లల్ని గేటు దగ్గర ఉంచండి." సాయంత్రం బడి వదిలాక ఇంకోటి.

ఒకప్పుడు అందరికీ కలిపి ఒక గ్రూపు ఉండేది. కిటికీ పక్క సీటు ఎవరి పిల్లాడిదని ఇద్దరు తల్లులు అందులో నువ్వెంతంటే నువ్వెంతనుకున్నారు. ఆ దెబ్బకి బావ గ్రూపుకో దండం పెట్టి, ఎవరి మర్యాద వాళ్ళకి విడిగా ఇద్దామని, అదే మెసేజ్‌ని కాపీ చేసి ఒక్కొక్కరికీ వేరువేరుగా పంపడం మొదలుపెట్టాడు. ఆ మర్యాదే కొంప ముంచింది. ఛ ఛ, నోరు జారాను. కొంప నిలబెట్టింది!

ఒకరోజు పొద్దున్నే యాప్ తెరిస్తే, ఈ అకౌంటుకి మా సేవలు వాడుకునే అర్హత లేదని కనిపించింది. ఒకే మెసేజ్‌ని కాపీ కొట్టి అంతమందికి పంపేవాడు మనిషై ఉండడని ఎక్కడో ఒక మిషను తేల్చేసింది.

ఇక చూడండి ఆ ఇంట్లో ప్రశాంతత! పువ్వుల మీద గుడ్ మార్నింగులు లేవు. కాకరకాయతో కంటిచూపు తెప్పించే చిట్కాలు లేవు. "మెసేజ్ చూసి కూడా పలకలేదు" అని అలిగి కూర్చున్న మా పిన్ని, పాపం అకౌంటే పోయిందట అంటూ తనంతట తానే పరామర్శకొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి బావ భోంచేస్తూ మా అక్క మొహంలోకి చూశాడు. "ఏమే, నీకు కళ్ళజోడు ఎప్పుడొచ్చింది?" అని అడిగాడు. ఏ యాప్ ఇస్తుందండీ ఇంత ఆనందం?

వీధికి జరిగిన మేలు అంతా ఇంతా కాదు. మెసేజ్ లేదు కాబట్టి ప్రతి గేటు ముందూ హారన్. హారన్‌కి కుక్కలు, కుక్కలకి జనం! మధ్యాహ్నం దాకా దుప్పటి తీయని వాళ్ళంతా తెల్లారేసరికి లేచి, మా బావని తిట్టుకుంటూ పళ్ళు తోముకుంటున్నారు. వీధి మొత్తాన్ని లేపిన మహానుభావుడు మా బావ.

ఇంత సుఖం అనుభవించే రాత ఆయనకి లేదు. "అకౌంట్ వెనక్కి తెప్పించు బామ్మర్దీ" అని నా ప్రాణం తోడేశాడు.

ముందు మీరు మనిషేనని నిరూపించుకోండి, బస్సులున్న బొమ్మలన్నీ నొక్కండి అంది మిషను. బావ ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళి ఒక పసుపు బండి దగ్గర ఆగిపోయాడు.

"ఇది బస్సు కాదు, వ్యాను."

"నొక్కెయ్ బావా, మిషనుకి అంత తెలీదు."

"తెలీకపోతే నేర్చుకోమను. పొద్దస్తమానం నడిపేవాణ్ణి, వ్యానుని పట్టుకుని బస్సంటానా?"

నొక్కలేదు. ఆయన మనిషి కాదని రుజువైపోయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే పట్టు, అదే ఓటమి. చివరికి మా అక్క, "ఏవండీ, మీకు పుణ్యముంటుంది, ఈ ఒక్కసారికి అబద్ధమాడండి" అని బతిమాలితే కళ్ళు మూసుకుని నొక్కాడు. అబద్ధమాడాక గాని మనిషని ఒప్పుకోలేదు!

తర్వాత విన్నపం రాయాలి. కుటుంబంలో రచయితని నేనే కదా! "మహాశయా" అని మొదలుపెట్టి, బావ శీలాన్నీ క్రమశిక్షణనీ ఆకాశానికెత్తి పంపాను. కళ్ళజోడు తీసి పక్కన పెట్టేలోపే జవాబొచ్చింది: "మీ విన్నపాన్ని నిశితంగా పరిశీలించాము. మా నిర్ణయంలో మార్పు లేదు."

బావ స్వయంగా రాశాడు: "అయ్యా, నేను వ్యాను నడుపుతాను. పిల్లలు గేట్ల దగ్గర ఎదురుచూస్తుంటారు." అదే జవాబు. మా అక్క నోటికొచ్చినట్టు తిడుతూ రాసింది. అదే జవాబు. ఎంత సమదృష్టి! పొగిడినా ఏడ్చినా తిట్టినా చలించనివాణ్ణే కదా పెద్దలు యోగి అన్నారు.

ఈలోగా ఒక సాయంత్రం, జోరు వానలో, వ్యాను టైరు పేలింది. పిల్లలు లోపల హాయిగా పాటలు పాడుకుంటున్నారు. బావ తడిచేతులతో టైరు మారుస్తూనే ఒక్కో తల్లికీ ఫోన్ చేశాడు. ఆ తల్లుల్లో ఒకరైన డాక్టరమ్మ ఫోన్ మాత్రం ఎంతకీ ఎంగేజే. ఆవిడ అప్పటికే బడికీ, పోలీసులకీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది.

పాపని దింపినప్పుడు ఆవిడ కేకలేయలేదు. "మిమ్మల్ని తప్పుపట్టడం లేదు అన్నయ్యా. కానీ ఇవాళ నా ప్రాణం పోయి వచ్చింది. సోమవారానికి మెసేజ్‌లు మొదలవకపోతే పాపని వేరే వ్యానులో పంపిస్తాను."

ఆ పాప బడిలో చేరిన మొదటి రోజు నుంచీ బావ బండే ఎక్కుతోంది. ఆయన వెనక సీటు ఆ పిల్లది.

శనివారం పొద్దున, ఎవరు కరుణించారో గాని, అకౌంటు తిరిగొచ్చింది! పొరపాటుకి చింతిస్తున్నామని కూడా ఉంది. బావ చిన్నపిల్లాడిలా గంతులేశాడు. వెంటనే కూర్చుని, "అకౌంట్ వచ్చేసింది. సోమవారం నుంచి మామూలే" అని రాసి, కాపీ కొట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా, మర్యాదగా పంపాడు. డాక్టరమ్మకి మాత్రం సొంతంగా రాయాలని చివరికి ఉంచుకున్నాడు. "అమ్మా, మన పాప సీటు" అని టైపు చేస్తుండగానే స్క్రీను మారిపోయింది.

ఈ అకౌంటుకి మా సేవలు వాడుకునే అర్హత లేదు.

ఫోన్ చేసి చెప్పమన్నాను. "ఏం చెప్పమంటావు? మళ్ళీ పోయిందనా?" అన్నాడు.

సోమవారం అలవాటు కొద్దీ డాక్టరమ్మ గేటు ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. పాప అప్పటికే వెళ్ళిపోయిందని ఎదురింటాయన చెప్పాడు. ఇప్పుడు ఆ వెనక సీట్లో ఏ పిల్లాడైనా కూర్చోబోతే, "అక్కడొద్దు నాన్నా" అంటున్నాడు బావ.

అయినా నా మాట మీద నేనున్నాను. బ్యాన్ మహాభాగ్యమే! మందుల షాపాయనకీ పట్టిందట ఆ యోగం. ఆయన విన్నపానికి వచ్చిన జవాబు చూపించాడు. అక్షరం పొల్లు పోకుండా మాకొచ్చిందే.

అంచేత నాది చిన్న విన్నపం. ఒకే మెసేజ్‌ని కాపీ కొట్టి అందరికీ పంపేవాడు మనిషి కాడని తీర్పు చెప్పింది ఆ మిషనే కదా. నాకూ, మా బావకీ, మా అక్కకీ, మందుల షాపాయనకీ అదే మెసేజ్ పంపిన ఆ పుణ్యాత్ముడికి ఈ భాగ్యం ఎప్పుడు పడుతుందండీ?