ఆ తేదీ లోపల

మంగళవారం పొద్దున తడి దుప్పట్ల బండి తోస్తుండగా ఆమెకు శుభవార్త అందింది. లాండ్రీ యజమానురాలు బండికి అడ్డం వచ్చి, "వచ్చే సోమవారం నుంచి మడతల గదికి నువ్వే సూపర్‌వైజర్‌వి. నీ వీసా కాగితాలు రెండూ రేపు పట్రా, కాపీ తీసుకోవాలి," అంది.

మడతల గది అంటే ఆమెకు ప్రాణం. యంత్రంలోంచి వేడివేడిగా వచ్చిన దుప్పటిని ఎవరూ చూడకుండా చెంపకు ఆనించుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకునేది. పెళ్ళైన రెండో నెలలోనే, పని చేసుకుంటూ దేశం చూసి రావచ్చనే వీసా మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చారు. మూడో అంతస్తులో ఒక గది, రెండు కప్పులు, అతను పనిచేసే బేకరీ నుంచి తెచ్చే విరిగిన బిస్కెట్లు. ఇంతకన్నా ఏం కావాలని రోజుకోసారైనా అనుకునేది.

మొదటి కాగితం పొయ్యి పైన గోడకే ఉంది. అందులో తేదీ చుట్టూ భర్త ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసిపెట్టాడు. దానికి ఇంకా నాలుగు నెలల టైముంది. రెండో కాగితం పెట్టె అడుగున దొరికింది. ఆమె నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేసింది.

"ఏవండీ, ఇది మీరెప్పుడైనా చదివారా?"

"అందులో ఏముంటుందే, షరతులేగా."

"దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆరు నెలలు అనుంది. మనమొచ్చి ఆరు నెలల పది రోజులైంది."

"మరి గోడ మీద తేదీ?"

"అది ఇక్కడికి రావడానికి ఆఖరి తేదీ. ఉండడానికి కాదు."

అతను వెంటనే అక్కమొగుడికి ఫోన్ చేశాడు. రెండుసార్లు విదేశం వెళ్ళొచ్చిన ఆ బావను చుట్టాలంతా రూల్స్ బావ అంటారు.

"నేనేమన్నానోయ్? ఆ తేదీ లోపల దేశంలో ఉండాలన్నాను," అన్నాడు రూల్స్ బావ.

"అవును బావా, అందుకేగా ఉన్నాం."

"లోపలంటే దానికి ముందు అనోయ్. ఆ తేదీకి ముందే వచ్చేసి ఉండాలని."

"నేను లోపలంటే లోపలే అనుకున్నా."

"నీకు తెలుగు కూడా నేనే చెప్పాలా?"

ఆమె ఫోన్‌లో వినపడేలా కాగితం చివరి వాక్యం పైకి చదివింది. గడువు దాటి ఇరవై ఎనిమిది రోజులకు మించి ఉన్నవాళ్ళకు మూడేళ్ళ దాకా మళ్ళీ ప్రవేశం లేదు. "ఇంకా పద్దెనిమిది రోజులుంది అన్నయ్యగారూ. రేపే వెళ్ళి ఒప్పుకుంటాం. ఇంటికెళ్ళి మళ్ళీ వీసా పెట్టుకుని రావచ్చు."

"తొందరపడకమ్మా, పట్టుకుని లోపలేస్తారు. నాకు తెలిసినాయన ఒకడున్నాడు, రెండు రోజుల్లో కనుక్కుని చెబుతా. అప్పటిదాకా పన్లోకి వెళ్ళకండి."

ఈసారి లోపలంటే ఏమిటని ఎవరూ అడగలేదు.

బుధవారం యజమానురాలే ఫోన్ చేసింది. భార్యకు అబద్ధం చేతకాదని అతనే ఎత్తాడు. "పొద్దున్నే వికారంగా ఉందండి. తల తిరుగుతోందట," అన్నాడు. అవతల చిన్న నవ్వు.

"పెళ్ళై ఎన్నాళ్ళైంది?"

"ఎనిమిది నెలలండి."

"అర్థమైందిలే. బరువులెత్తనివ్వకు."

"సరేనండి," అన్నాడు. ఆ 'సరే' ఎక్కడికి పోతుందో అతనికి ఫోన్ పెట్టేశాక గాని తట్టలేదు.

అది ముందు కింది అంతస్తుకు పోయింది. వీళ్ళకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ అక్కడే ఉంటుంది, తన తెరలు ఆ లాండ్రీలోనే ఉతికిస్తుంది. మర్నాడే వచ్చి, "నాతో ఒక్క మాటైనా అనలేదేం? ఈ మెట్లెక్కి దిగడమేంటి, నీకు బుద్ధుందా?" అని అతన్ని కోప్పడి, తన గది వీళ్ళకిచ్చి, మోకాళ్ళ నొప్పులతో తనే మూడో అంతస్తుకు మకాం మార్చింది. ఆవిడ సామాను మోస్తూ అతను దారిలో రెండుసార్లు నిజం చెప్పబోయాడు. రెండుసార్లూ ఆవిడ, "మాట్లాడకు, ఆయాసమొస్తుంది," అంది.

రూల్స్ బావకు తెలిసినాయన ఊళ్ళో లేడు. రెండు రోజులు వారమయ్యాయి. ఆ వారంలో ఒకసారి అతను అక్కతో ఫోన్‌లో మాట్లాడుతుండగా, కడుపుతో ఉన్న పిల్ల జాగ్రత్తని ఇంటావిడ అన్న మాట అక్క చెవిన పడింది.

"అంత మాట మా దగ్గర దాస్తావుట్రా?" అంది అక్క.

"అబ్బే, అదేం లేదక్కా."

"సిగ్గుపడకురా. అమ్మకి చెప్పేశాను, మీ అత్తగారికీ చెప్పేశాను."

సాయంత్రం ఆమె తల్లి ఫోన్‌లో ఏడ్చింది, సంతోషంతో. ఆమె కూడా ఏడ్చింది. తల్లి రెండూ ఒకటే అనుకుంది.

"రేపు వెళ్దామండీ," అని ఆమె రోజూ అడిగేది. "రేపు బావ ఫోన్ చేస్తాడు," అని అతను రోజూ అనేవాడు. అలా పద్దెనిమిదిలో పదహారు రోజులు గడిచాయి. బిస్కెట్లు కూడా అయిపోయాయి.

ఆ గురువారం యజమానురాలు చెక్క ఊయల మోసుకుని వచ్చింది. తన పిల్లలు ఊగినదట, కొత్తగా రంగేయించింది. దాన్ని గది మధ్యలో దించి, "సూపర్‌వైజర్ పని ఇస్త్రీ చేసే ఆవిడకి ఇచ్చేశాన్లే. నువ్వీ స్థితిలో గంపలెత్తలేవుగా. ఏమీ అనుకోకు," అంది.

ఆమె రెండో కాగితం తెచ్చి ఊయలలో పెట్టింది. "మేం దాచింది ఇదండి. ఇంకేం లేదు," అంది.

యజమానురాలు నిదానంగా చదివింది. మంచం మీద కూర్చుని మళ్ళీ చదివింది. "ఆ బుధవారమే ఇది తెచ్చి చూపించుంటే నేనే వీసా ఆఫీసుకు తీసుకెళ్ళేదాన్ని. నువ్వు ఊరెళ్ళి కొత్త వీసా మీద వచ్చేదాకా నీ చోటు ఖాళీగా ఉంచేదాన్ని. ఇప్పుడు ఆవిడకి మాటిచ్చేశాను."

"తప్పు నాదండి," అన్నాడతను.

"తెలుస్తూనే ఉంది. వికారమని చెప్పింది నువ్వేగా?"

ఊయల మీద రంగు ఇంకా వాసనొస్తోంది. ఆమె దాన్ని వేలితో తాకి, ఎంత బాగుందో అనుకుని, అలా అనుకున్నందుకు ఇంకాస్త దిగులుపడింది. తర్వాత గోడకున్న మొదటి కాగితాన్ని ఊడదీసి, రెండోదానితో కలిపి మడిచింది. దుప్పటి మడిచినట్టే, అంచుకు అంచు సరిగ్గా.

"రేపు గడువు దాటి ఇరవై ఏడో రోజు. ఎల్లుండి శనివారం, ఆఫీసుండదు. రేపు పొద్దున ఇంటావిడ సామాను కిందికి దించేసి, అట్నుంచటే వెళ్ళి ఒప్పుకుందాం. తొమ్మిది లోపల అక్కడుండాలి," అంది.

అతను ఎర్ర పెన్ను తీసి ఆ మాట చేతి మీద రాసుకుంటూ ఆగాడు. "తొమ్మిదికి ముందు వెళ్ళాలా, తొమ్మిది దాకా లోపల ఉండాలా?"

ఆమె ఆ పెన్ను లాక్కుని తన సంచిలో వేసుకుంది.